సువార్త: చెప్పువాడును వినువాడును

'సువార్త' యను మాట మన భాషలో రెండు శతాబ్దములకు పైగా వాడుకలో నున్నది. ఊరిచివరి పేటలలో ప్రొద్దుగ్రుంకిన తరువాత దీపము ముందు గూర్చుండి చదువబడునది యీ మాటయే. పట్టణములలో బాటప్రక్కనున్న ప్రార్థనాలయముల గోడలమీద పెద్ద యక్షరములతో వ్రాయబడునదియు నీ మాటయే. అయినను మన యిండ్లలో చదువుకొన్నవారిని దీని యర్థ మడిగి చూడుడు. క్రైస్తవుల మతగ్రంథమని యొకరు చెప్పుదురు. తెల్లదొరల మతప్రచారమని వేరొకరు చెప్పుదురు. కూడుపెట్టి కులము చెరచు నుపాయమని మరియొకరు చెప్పుదురు. మాట కర్థ మేమో విచారింపకయే దానిని కొందరు తలకెత్తుకొనుటయు, కొందరు త్రోసివేయుటయు తరతరములుగా జరుగుచున్నది. మేము క్రైస్తవులము గాము. ఆ మతమును ఖండింప బూనుకొన్నవారమును గాము. మన దేశమున మన భాష మాటలాడు లక్షలకొలది జనుల జీవితమును మార్చిన యొక మాటను గూర్చి, అది యేమి చెప్పినదో, ఎవరు చెప్పిరో, ఎవరు వినిరో తెలిసికొనుట చరిత్ర చదువువారి విధి యని మాత్రము తలచుచున్నాము.

మొదట మాటను విచారింతము. 'సు' యనగా మంచి. 'వార్త' యనగా కబురు. ఇది గ్రీకుభాషలోని 'యువాంగెలియోన్' అను పదమునకు సరియైన తెనుగుసేత. ఇంగ్లీషువారి 'గాస్పెల్' అను మాటయు ప్రాచీనాంగ్లమున మంచి కబురను నర్థముగల రెండు పదముల కూర్పునుండియే పుట్టినది. వంగదేశమున శ్రీరాంపురమునందు కేరీ మొదలగువారు 1800 సంవత్సరమున అచ్చువేసిన మత్తయి గ్రంథమునకు 'మంగళ సమాచార' మని పేరిడిరి. హిందీవారు 'సుసమాచార' మనిరి. తమిళులును మలయాళులును 'సువిశేష' మనిరి. కన్నడిగులును మనమును 'సువార్త' యంటిమి. ఇన్ని భాషల పండితులు ఒకచోట గూడి నిర్ణయించుకొన్నట్లు ఒక్క విషయమున నేకీభవించిరి. ఇది శాస్త్రము గాదు, సూత్రము గాదు, ధర్మనిర్ణయము గాదు, కబురు.

ఈ భేదము చిన్నది గాదు. శాస్త్రమును తాళపత్రములలో వ్రాసి దాచవచ్చును. వేయి సంవత్సరముల పిమ్మట విప్పి చదివినను దాని సత్యమునకు లోపము రాదు. రెండును రెండును నాలుగని చెప్పుట కెవ్వరును పరుగెత్తుకొని రానక్కరలేదు. కబు రట్టిది గాదు. పొరుగూర కూతురు ప్రసవించినదనుట, ఏటికి నీరు వచ్చినదనుట, చెరసాలలోని కొడుకు విడుదలయైనాడనుట, ఇవి జరిగిన సంగతులు. జరిగినది తెలిసినవాడు తెలియనివానికి చెప్పవలెను. చెప్పకున్న కబురు లేనట్లే. వినువాడు కబురును మాత్రమే తూచడు. తెచ్చినవాని మొగమునుగూడ జూచును. ఇతడు మనవాడా, కల్లలాడువాడా, ఇతనికి దీనివలన లాభ మేమి యని విచారించును. కావున సువార్త యను మాటలోనే చెప్పువా డొకడు, వినువా డొకడు ఇమిడియున్నారు. ఈ మతవ్యాప్తి చరిత్ర నర్థము చేసికొనుటకు ఇదియే తాళపుచెవి.

క్రైస్తవులు వాడకమునుపే గ్రీకుదేశములలో నీ మాట యుండెను. అచట నది రాజుల మాట. యుద్ధమున జయము కలిగినదనియు, క్రొత్త చక్రవర్తి సింహాసన మెక్కినాడనియు దూతలు తెచ్చు కబురునకు ఆ పేరుండెను. చిన్న యాసియాలోని ప్రియేనీ పట్టణమున దొరకిన క్రీ. పూ. 9వ సంవత్సరపు శాసనమొకటి, అగస్టసు చక్రవర్తి జన్మదినము లోకమునకు శుభవార్తల కారంభమని పొగడుచున్నది. అట్టి రాజశబ్దమును గైకొని, రోమా చక్రవర్తి ప్రతినిధిచే కొయ్యమీద గొట్టబడి చచ్చిన యొక వడ్రంగిని గూర్చి వాడిన సామాన్యుల సాహసమును మనము గమనింపవలెను. జయవార్త కోటలోనుండి వచ్చునని లోకము తలచుచుండగా, ఓడినవాని సమాధినుండి వచ్చినదని వారు చెప్పిరి.

ఆ కబురులోని విషయ మేమి? దానిని సంగ్రహముగా చెప్పిన ప్రాచీనమైన వాక్యములు పౌలు కొరింథు పట్టణమువారికి క్రీ. శ. 55 ప్రాంతమున వ్రాసిన లేఖలో నున్నవి. క్రీస్తు మనుష్యుల పాపముల నిమిత్తము మృతిబొందెను, పాతిపెట్టబడెను, మూడవ దినమున లేచెను, తనవారికి కనబడెను. ఇంతియే దాని సారము. దీనినుండి మనుష్యుడు తన పుణ్యముచేత దేవుని కొనుక్కొన నక్కరలేదనియు, దేవుడే వానిని వెదకుకొనుచు వచ్చెననియు, పాపియు నధముడును నమ్మికచేత కుమారుడుగా స్వీకరింపబడుననియు ఆ మతమువారు చెప్పుదురు. సంస్కృతము చదివినవారికి ఆ లేఖలో మరియొక విశేషము తోచును. తాను పొందినదానినే తాను అప్పగించితినని పౌలు చెప్పుచున్నాడు. ఒకనినుండి గైకొని మరియొకనికి ముట్టజెప్పుట యనునది మన సంప్రదాయ శబ్దమున కర్థమే గదా! అయితే మన సంప్రదాయమున గురువు శిష్యుని పరీక్షించి, అధికార మున్నదని తెలిసిన పిమ్మటనే చెవిలో మంత్రము చెప్పును. ఈ కబురునకు అధికారి యెవడనిన, వినుటకు చెవులున్న ప్రతివాడును.

ఇది మొదట నెట్లు వ్యాపించెనో యోహాను గ్రంథపు తొలి యధ్యాయములు చూపుచున్నవి. అంద్రెయ యనువాడు విని, వెంటనే తన సహోదరుడు సీమోనును వెదకుకొని పోయెను. ఫిలిప్పు తన స్నేహితుడు నతనయేలును వెదకెను. అతడు, అట్టి యూరినుండి మంచిదేదైన వచ్చునా యని శంకింపగా, ఫిలిప్పు వాదము చేయక, వచ్చి చూచుకొమ్మనెను. సమరయదేశపు స్త్రీ కథ మరియు హృద్యమైనది. ఆమె యంటరాని తెగకు జెందినది. తన యూరిలోనే పేరు చెడినది. మిట్టమధ్యాహ్నము ఒంటరిగా నీళ్లకు వచ్చినది. బావికడ దప్పిగొన్న బాటసారి యామెచేతి నీ ళ్లడిగెను. ఆమె కడవను బావికడనే విడిచి, ఏ యూరి మొగము చూచుటకు సిగ్గుపడుచుండెనో ఆ యూరిలోనికే పరుగెత్తి, వచ్చి చూడుడని పిలిచెను. బావియు, కడవయు, ముట్టరాని చేయియు! ఈ కథను మన పల్లెలలోని మాలమాదిగలు వినినప్పుడు వ్యాఖ్యానముతో పనియుండెనా?

ఇక తెలుగుదేశమునకు వత్తము. మన భాషలోనికి బైబిలును తెచ్చుటకు మొదట ప్రయత్నించినవాడు బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతగురువు. అతడు చెన్నపట్టణమున నుండి 1720 మొదలు 1730 వరకు గల దశాబ్దమున క్రొత్తనిబంధనను తెనిగించెను గాని యది అచ్చు గాలేదు. 1805 సంవత్సరమున లండను మిషనువారు క్రాన్, డెగ్రాంజెస్ అను నిరువురిని విశాఖపట్టణమునకు బంపిరి. ఆనందరాయరను మహారాష్ట్ర బ్రాహ్మణుడు క్రైస్తవుడై వారికి భాషాంతరీకరణమున తోడుపడెను. దొర లిద్దరును 1810లోపలనే కాలధర్మము నొందిరి. వారి పనిఫలముగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున నచ్చుపడెను. 1818లో ప్రిచెట్ చేసిన క్రొత్తనిబంధన వెలువడెను. పుస్తకము వచ్చెను, చిన్న పత్రములు సంతలలో వేలకొలది పంచబడెను, తెల్లదొరలు తిరునాళ్లలో నిలిచి పుస్తకపు తెలుగున నుపన్యసించిరి. జనులు వినిరి, వింతపడిరి, ఇండ్లకు పోయిరి. కబురు వచ్చెను గాని, తెచ్చినవాడు మనవాడు గాడు.

అమెరికా బాప్తిస్టులకును నిదే యనుభవము. వారి మతగురువు శామ్యూల్ డే 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. సంవత్సరములు గడచినను చేరినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. నెల్లూరి పనిని మూసివేయుదమని స్వదేశమున సభలలో నొకటికి రెండు మారులు ప్రస్తావన వచ్చెను. 1853నాటి సభలో, పటమున నొంటిగా నున్న యా స్థానమునకు 'ఒంటరి నక్షత్ర' మను పేరు గలిగెను. 1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండయెక్కి, ఈ యూరికి బోధకుని బంపుమని ప్రార్థించిరి. ఆ కొండను క్రైస్తవులు నేటికిని ప్రార్థనకొండ యందురు.

ఆ కాలముననే, ఎవరి పంపకమును లేకుండ కబురు తనంతట తాను నడువ నారంభించెను. నాటి కృష్ణాజిల్లాలో రాఘవాపురమను పల్లె యుండెను. ఆ పల్లె మాలవాడలో పగోలు వెంకయ్య యను పెద్ద యుండెను. అతడు విగ్రహములయందు నమ్మిక పోగొట్టుకొని, నిజమైన దేవు డెవడో తెలియక, తెలియని యా దేవునికే మ్రొక్కుచు కొంతకాలము గడపెను. కృష్ణాస్నానమునకు బెజవాడ వచ్చినప్పుడు, అచట డార్లింగ్ అను దొర దేవుని గూర్చి చెప్పుచున్నాడని విని చూడబోయెను. 1859లో నతడును నతనివారును బాప్తిస్మము పొందిరి. డార్లింగు ఏండ్లతరబడి ఫలము లేక నిరాశపడియున్నవాడు. ఆయన పోయి వెంకయ్యను గనుగొనలేదు. వెంకయ్యయే వచ్చి యాయనను గనుగొనెను. తరువాత చుట్టుప్రక్కల మాలపల్లెలకు కబురును మోసినవా డాదొర గాడు. బంధువులయిండ్లకు పెండ్లికిని చావునకును పోవుచు వచ్చుచునుండిన వెంకయ్య.

ఒంగోలుసీమలో నిట్లే యెర్రగుంట్ల పేరయ్య. ఇతడు మాదిగవాడు, తోళ్ల వ్యాపారి. రాజయోగము నుపదేశించు గురువుల శిష్యుడై, దేవు డొక్కడనియు, ఆయన రాతిలోను కొయ్యలోను లేడనియు నమ్మినవాడు. మన పల్లెలలో నిట్టి గుప్తసాధకు లనేకు లుండిరనుట మరువరాదు. వీరబ్రహ్మము గారి కథలలో మాదిగ కక్కయ్య శిష్యుడుగా కనబడుచున్నాడు గదా! పేటలోని జనులకు జ్ఞాన మక్కరలేదనుకొన్నది మనము, వారు గాదు. పేరయ్య తోళ్ల బేరమునకై యుత్తరమునకు, గోదావరి ప్రాంతమునకు పోయినప్పుడు అచటి బోధకులవలన క్రీస్తుకథను వినెను. విని యింటికి వచ్చి భార్య నాగమ్మకు చెప్పెను. ఇరువురును 1866లో జూయెట్ వలన బాప్తిస్మము పొందిరి. జీతము లేదు, ఉద్యోగము లేదు. చేతికర్ర పట్టుకొని, చెప్పులు కుట్టుకొను తన వారి సరసన గూర్చుండి, తాను వినినదానిని వారి మాటలలో వారికి చెప్పుచు పల్లెపల్లెకు తిరుగుట యతని పని. 1866 సెప్టెంబరులో జాన్ క్లౌ అను దొర ఒంగోలునకు కాపురము వచ్చెను. పేరయ్య పిలుపుమీద 1867 జనవరిలో నాతని పల్లెకు పోగా, చింతతోపున జనులు కూడియుండిరి. కొన్ని దినములు వారితో మాటలాడి, క్లౌ 28 మందికి బాప్తిస్మ మిచ్చెను. దొర చేసినది కోత, విత్తినవాడు పేరయ్య.

చేరినవారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు స్వల్పములు. కాని మాదిగవాడు గ్రామమునకు వెట్టివాడు. ఆదివారము పనికి రానన్నయెడల రైతునకు కోపము. జాతరలో డప్పు కొట్టనన్నయెడల ఊరంతటికిని కోపము. బావులు మూయబడెను, దెబ్బలు తగిలెను, తప్పుడు నేరములు మోపబడెను. అయినను తగ్గలేదు. ఒకడు దెబ్బలు తినుచు సంతోషముగా నున్నాడనిన, వాని బావమరది వచ్చి, నీకేమి దొరకినదిరా యని యడుగక మానడు. కబురు వ్యాపించుటకు అంతకంటె మంచి బాట లేదు.

ఇచట పైకులములవారమైన మన పాత్ర వచ్చుచున్నది. క్లౌ ఒంగోలులో మొదట బ్రాహ్మణాది బాలురతో బడి సాగించెను. వారి పెద్దలు కొంత సుముఖులుగనే యుండిరి. మాదిగలు వచ్చి చేరుచుండగా బాలురు బడి మానిరి. ఆ జనులను చేర్చుకొనకున్న తాము దగ్గరకు వత్తుమనియు, చేర్చుకొన్న దూరమగుదుమనియు పెద్దలు తెలియజేసిరి. క్లౌ కలవరపడెను. ఆయన చెప్పిన వృత్తాంతము ప్రకారము, ఆయన యొక గదిలోను భార్య వేరొక గదిలోను గ్రంథము తెరువగా, లోకమున బలహీనులను నీచులను దేవు డేర్పరచుకొనెనని పౌలు వ్రాసిన భాగమే యిద్దరికిని కనబడెను. ఆయన మాదిగల పక్షము వహించెను. దీనికి భిన్నముగా మచిలీబందరులో రాబర్టు నోబిల్ 1843లో బడిపెట్టి, పైవర్ణములవారికి చదువు చెప్పి, వారి ద్వారా క్రిందివారికి మతము దిగునని తలచెను. 1852లో నిరువురు విద్యార్థులు క్రైస్తవులు కాగా బడి కొంతకాలము ఖాళీపడెను. ఆ బడివలన మన దేశమునకు గలిగిన విద్యోపకారము గొప్పది. కాని కబురు మాత్రము పైనుండి క్రిందికి దిగలేదు. నీరు పల్లమెరుగునన్న సామెత యిచట సరిపడలేదు. ఈ నీరు పల్లమునందే యూటగా పుట్టెను.

పిమ్మట 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. దక్షిణదేశమున జనులు లక్షలకొలది చచ్చిరి. మద్రాసు ప్రభుత్వమువారు కరవుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ పూర్వము తనదేశమున భూమికొలత పని చేసినవాడగుటచే, మూడున్నర మైళ్ల కాలువపనిని గుత్తకు పుచ్చుకొని, వేలకొలది జనులకు కూలి కల్పించెను. ఇతర స్థలములలో మేస్త్రీలు దళితులను తిట్టికొట్టి పనిచేయించుచుండగా, ఇచట పేరయ్యవంటి బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నము విశ్రాంతివేళ గడ్డపారలు ప్రక్కన పెట్టుకొని గూర్చున్నవారితో, బరువు మోసి యలసినవారిని క్రీస్తు తనయొద్దకు పిలిచినాడని వారు చెప్పుచుండిరి. తలపై మట్టితట్టతో నున్నవానికి ఆ మాట యుపమానము గాదు.

ఈ సందర్భమున క్లౌ చేసిన యొక పని శ్రద్ధగా గమనింపదగినది. జనులు గుంపులుగా వచ్చి చేర్చుకొమ్మని వేడుచున్నను, కరవుసాయము జరుగుచున్నంతకాలము పదునైదు నెలలపాటు ఆయన యెవ్వరికిని బాప్తిస్మ మియ్యలేదు. కూటికొరకు వచ్చిరన్న మాట రాకూడదని యాయన తలంపు. వానలు పడి, సాయము నిలిచిన తరువాత, ఇక నియ్యుటకు తనకడ ధనము లేదని తెలియజేసినను జనులు వచ్చిరి. 1878 జూలై 2వ తేది 614 మంది, 3వ తేది 2,222 మంది, 4వ తేది 700 మంది, వెరసి మూడు దినములలో 3,536 మంది, ఒంగోలునకు పది మైళ్ల దూరమున వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఏటిలో నిలిచి యిచ్చినవారు దొరలు గారు; ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. ఆ సంవత్సరాంతమునకు చేరినవారి సంఖ్య 9,606.

కూటికొరకు కులము మార్చుకొన్నారను నింద నిజమా? సత్యము చెప్పవలెనన్న, మనుష్యుల యుద్దేశములు కలగాపులగముగా నుండును. కరవులో తమను కాపాడినవారియందు కృతజ్ఞత, బిడ్డలకు చదువు వచ్చునన్న యాశ, మునసబు దౌర్జన్యము తగ్గునన్న తలంపు, బంధువులందరును పోయిరను సంగతి, ఇవన్నియు భక్తితోపాటు పనిచేసినవి. అయినను ఆకలితో నున్నప్పుడు చేర్చుకొనని గుమ్మమునకు, ఆకలి తీరినపిమ్మట పెట్టుటకేమియు లేదని తెలిసియు వచ్చినవానిని, కూటికి వచ్చినాడనుట న్యాయము గాదు. మరియు నొక ప్రశ్న. బావి నీరును, బడి చదువును, మనుష్యుడను గౌరవమును కోరుట నీచమైన కోరికయా? అవి మనకు పుట్టుకతో దొరకినవి గనుక వానిని కోరువారిని మనము చులుకనగా జూతుము. వాడు కోరినది తప్పుగాదు. వా డితరులయొద్ద కోరవలసివచ్చుట మన తప్పు.

ఆ పేటలవారికి సువార్త యనగా నేమో యిప్పుడు కొంత తెలియుచున్నది. దేవు డొక్కడని పేరయ్యకు తెలియును. అది క్రొత్త కాదు. ఆ దేవుడు పశువులపాకలో పుట్టినాడనియు, అంటరానివానిని అంటినాడనియు, ఊరివెలుపల చంపబడినాడనియు వినుట క్రొత్త. ఊరివెలుపల నివసించువానికి ఆ స్థలము తెలియును. జన్మాంతర పాపమువలన నీ విట్లు పుట్టితివని తరతరములుగా వినినవానికి, నీ పాపము తీరినది, లెమ్మని యొక కబురు వచ్చెను. దానిని తెచ్చినవాడు తనవలె తోలుపని చేయువాడు. ఇంతకంటె వేరు హేతువు వెదక నక్కరలేదు.

ఐనను చరిత్రకారుడు మెచ్చుకోలుతో నాగరాదు. సంఘము పెద్దదైనకొలది కబురు మోయుట యుద్యోగ మయ్యెను. జీతగాండ్రయిన యుపదేశకులును, వారిపైన దొరలును, దొరలపైన విదేశసంఘములును ఏర్పడగా, సామాన్యుడు చెప్పుపని తనదిగాదని యూరకుండెను. దీనిని గుర్తించినవాడు వేదనాయకము శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో 1874లో పుట్టిన యీ తమిళుడు, 1909లో నిజాము రాజ్యములోని దోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912లో భారతీయులలో మొదటి యాంగ్లికన్ బిషప్ అయ్యెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తలపై చేయిపెట్టుకొని, ఈ కబురును ఇతరులకు తెలుపుదునని పలుకవలెనని యాయన నియమము. కూలివాడైనను, నాట్లువేయు స్త్రీయైనను చెప్పవలసినదే. 1910లో ఎడింబరో మహాసభలో నాయన తెల్లదొరల మొగముమీదనే, మీరు త్యాగము చేసితిరి గాని మాతో స్నేహము చేయలేదను నర్థము వచ్చునట్లు పలికెను. దానము చేయువాడును మాటలాడువాడును దొరకుదురు. సరసన గూర్చుండువాడు దొరకుట కష్టము. ఆ మాట దొరలకే గాక మనకును తగులును. 1930 తరువాత సామూహిక మతాంతరములను గూర్చి గాంధిగారికిని అజరయ్యగారికిని గొప్ప యభిప్రాయభేదము గలిగెను. తెలియని పేదలను మతము మార్చుట కూడదని గాంధిగారు; తెలియనివారని వారిని దీసివేయుటయే యవమానమని యవతలివారు. ఇరువురును పేటవాని మేలుకోరినవారే. ఆ వాదమున పేటవాని నోటి మాట మాత్రము తక్కువగా వినబడెను.

మరియొక లోపమును కలదు. కులము ఏటిలో కొట్టుకొనిపోలేదు. ఒక మిషనులో మాలలు, మరియొక మిషనులో మాదిగలు విస్తారముగా చేరి, ఒకరి ప్రార్థనాలయమునకు మరియొకరు పోని గ్రామములు పెక్కు లుండెను. మతము మారినను పేట మారలేదు. 1950నాటి రాష్ట్రపతి యుత్తరువు వలన క్రైస్తవులైనవారికి షెడ్యూల్డు కులముల హక్కులు లేకపోయినవి. ఊరు వారిని పూర్వపు కులముగనే చూచును. దస్తావేజు మాత్రము చూడదు. మంచి కబురు విన్నవాని యింటికి చెడ్డ కబురుకూడ వచ్చుచుండెననుట దాచరాదు.

ఇక మన మాట. సంస్కరణమును గూర్చి మనము చాల వ్రాసితిమి. అస్పృశ్యత పాపమని సభలలో తీర్మానించితిమి. పత్రికలు చదివి తలయూచితిమి. కాని మనలో నెందరు ఆ తీర్మానమును తీసికొనిపోయి, పేటలోని యొక మనుష్యుని యరుగుపై గూర్చుండి, ఆతని పేరుతో పిలిచి చెప్పిరి? మేము బడిలో నుపన్యాసములు చేసినవారమే. పిల్లల కుండల వేరుచేయు నూళ్లలో పనిచేసినవారమే. సమానత్వమను పాఠమును నల్లబల్లమీద వ్రాసి, వేరుగా పెట్టిన నీళ్లకుండను జూచియు జూడనట్లు మేము పోయిన దినములు గలవు. మేము చెప్పినది శాస్త్రము. పేరయ్య చెప్పినది కబురు. శాస్త్రము చెప్పుటకు నోరు చాలును. కబురు చెప్పుటకు కాళ్లు గావలెను.

1941లో గుఱ్ఱం జాషువ కవి 'గబ్బిలము' వ్రాసెను. ఆయన క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడు. అందులోని యభాగ్యునికి గుడిలోనికి పోవ వీలులేదు; కావున గుడిలో వ్రేలాడు గబ్బిలముచేత కాశీలోని శివునికి తన గోడు చెప్పిపంపును. కాళిదాసు యక్షునకు మేఘుడు దూత. జాషువ మాదిగవానికి గబ్బిలము దూత. మనుష్యులలో నొక్కడైనను ఆ కబురు మోయుటకు రాలేదన్నమాట. పేటనుండి మనకు రావలసిన కబురు మన గుమ్మముకడనే యెంతకాలముగనో నిలిచియున్నది. పేరయ్య తనవారికి చెప్పినది మనము నమ్మినను నమ్మకున్నను, ఆతడు కాలినడకను పోయి, నేలపై గూర్చుండి, మనుష్యునికి మనుష్యుడుగా చెప్పిన విధము మనకు పాఠము. ఆ విధమును నేర్చుకొననంతవరకు, మనయొద్ద నెంత మంచి మాట యున్నను అది వార్త గాదు, పుస్తకమే.